పాత లోగిళ్లు, పాత పట్టణములు: వాని ఛాయాచిత్రములు



నెల్లూరు సీమలో సముద్రము వెంబడి పాత యిండ్లు ఎన్ని యున్నవో లెక్కించి చెప్పుట కష్టము. ఏటేట నెన్ని పోవుచున్నవో మీకు నాకంటె బాగుగ తెలియును. నిన్న చూచిన వీథిలో నేడు ఒక మిద్దె స్థానమున ఇటుకల కుప్ప యుండును. మరునాటి కా స్థలమున ఇనుప కడ్డీలు లేచును. దానిని నేను తప్పు పట్టను. కారుచున్న కప్పు క్రింద కాపురము చేయుడని ఒకరికి చెప్పుటకు నే నెవడను? అయితే ఆ మిద్దె పోవుటకు ముందు దాని రూపమును కాగితముపై నిలుపుకొనుటకు అడ్డమేమియు లేదు. ప్రయాణము చేయువారు త్రోవలో కనబడిన పాత కట్టడములకు ఛాయాచిత్రములు ఎట్లు తీయవలెను, ఎందుకు తీయవలెను, తీసిన పటమును ఎట్లు కాపాడుకొనవలెను అను విషయములను ఈ దినమున చెప్పదలచినాను.

నేను వృత్తిచేత ఫోటోగ్రాఫరును కాను. ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు తెలుగును, కొంత సంస్కృతమును చెప్పిన అయ్యవారిని. పింఛను పుచ్చుకొనిన పిదప మొదట ఒక చిన్న కెమెరాతోను, ఇప్పుడు మనుమడిచ్చిన సెల్ ఫోనుతోను, కావలి మొదలు పులికాటు వరకు గల తీరమున బస్సులలో తిరుగుచున్నాను.

చిత్రమును చూచి గడచిన దానిని తలచుకొనుట మనకు క్రొత్త గాదు. భవభూతి ఉత్తరరామచరితమున ప్రథమాంకములో సీతారామలక్ష్మణులు తమ వనవాస వృత్తాంతమును చిత్రపటములలో చూచుకొందురు. చూచుచుండగనే సీతకు ఆ యడవులను, గంగను మరల చూడవలెనని కోరిక పుట్టును. ఆ చిత్రములు వ్రాసినవాడు ఇతరులు చెప్పగా విని, ఊహించి వ్రాయగలిగెను. కెమెరాకు ఆ శక్తి లేదు. ఎదుట నున్నదే దానికి దొరకును. ఇల్లు పడిన మరునాడు ఎంత మంచి కెమెరా తెచ్చినను ప్రయోజనము లేదు.

మన తీరముననే రెండు చోట్లను పోల్చి చూతము. దుగ్గరాజపట్నము పేరు మీలో చాలమంది వినియుందురు. ఇంగ్లీషు కంపెనీవారు చెన్నపట్నమున అడుగు పెట్టుటకు పూర్వము, 1626లో, ఇచ్చట వర్తకశాల నెలకొల్పిరి. వారికి తోడ్పడిన ఆరుముగ మొదలి పేరు మీదుగా ఆ చోటికి ఆర్మగాం అను పేరు కలిగెనని చెప్పుదురు. 1628 నాటికి అచ్చట 12 ఫిరంగులును, ఉద్యోగులు సైనికులు కలిసి 23 మందియు నుండిరట. అచ్చటి యధికారియైన ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నపు నేలను సంపాదించిన తరువాత కంపెనీవారు ఆర్మగామును విడిచి దక్షిణమునకు తరలిపోయిరి. అచ్చట లేచిన పట్టణమే నేటి చెన్నై మహానగరము. ఇచ్చట మిగిలినది ఇసుకయు, సరుగుడు తోటలును, ఒక దీపస్తంభమును. ఆర్మగాం అను పేరు ఇప్పుడా దీపస్తంభమునకే చెల్లుచున్నది. ఆ కోట గోడ యెంత యెత్తు, ద్వారము ఏ దిక్కున నుండెను అని యడిగిన పిల్లవానికి చూపుటకు నా చేతిలో ఏ పటమును లేదు. ఆ కాలమునకు ఛాయాగ్రహణ విద్య పుట్టనేలేదు గదా!

అచ్చటి నుండి దక్షిణముగా, పులికాటు సరస్సు ఆవలి కొసన, తమిళనాడులో పళవేర్కాడు ఉన్నది. డచ్చివారు 1613లో అచ్చట గెల్డ్రియా యను కోట కట్టి, 1690 వరకు కోరమండల తీరమున తమ వ్యాపారమునకు దానిని ముఖ్యస్థానము చేసికొనిరి. ఆ కోటను ఇంగ్లీషువారు 1806లో పడగొట్టిరి. అయినను డచ్చివారి సమాధుల దొడ్డి నిలిచియున్నది. దాని ద్వారమున కిరువైపుల రాతిలో చెక్కిన అస్థిపంజరములు వచ్చువారి కెదురుగా నిలిచి యుండును. సమాధుల పలకలపై పూర్ణకుంభములంత శ్రద్ధగా చెక్కిన ముద్రలు, అక్షరములు కలవు. పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రీ యను ఉద్యోగి మద్రాసు రాజధానిలోని డచ్చివారి కట్టడములను కొలిచి, పటములు కూర్చి, 1897లో ఒక గ్రంథముగా ప్రకటించెను. ఉప్పుగాలి ఆ పలకలను ఎంత తినివేసినను ఆ గ్రంథములోని రూపము అరుగదు. ఒకే తీరమున, కొన్ని ఆమడల దూరములో నున్న రెండు వర్తకస్థానములలో ఒకదాని ముఖము మనకు తెలియుటకు, వేరొకదాని ముఖము తెలియకుండుటకు గల భేదములో కొంత భాగము పటములదే.

ఈ విద్య మన దేశమునకు వచ్చిన విధమును క్లుప్తముగా చెప్పెదను. 1839లో ఫ్రాన్సు దేశమున దగెర్ అను నాతడు కనుగొనిన పద్ధతి లోకమునకు వెల్లడి యయ్యెను. 1856లో మద్రాసులో ఛాయాగ్రాహకుల సంఘ మేర్పడెను. ఆ యేడే లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగిని మద్రాసు ప్రభుత్వమువారు తమ ఛాయాగ్రాహకునిగా నియమించిరి. ఆతడు 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానము మీది శాసనములను వరుసగా పట్టి, 21 పటములను చేర్చి యతికి, సుమారు 19 అడుగుల పొడవు గల యొకే పటముగా చేసెను. అప్పటి పెట్టెలు, గాజుపలకలు, మందుసీసాలు మోయుటకు ఎడ్లబండ్లు కావలసివచ్చెడివి. నేడు మీ మనుమడు జేబులో వేసికొని తిరుగు వస్తువుతో అంతకంటె స్పష్టముగా తీయవచ్చును. సాధనము చేతికి వచ్చినది గాని, దానిని పట్టువారికి ట్రైపు నందున్న ఓపిక యింకను రాలేదు. పిల్లలు ఇంటి ముందు తాము నిలిచి, ఇల్లు వెనుక దాగిపోవునట్లు తీసికొనుచున్నారు.

ఇక ఇంటి మాట. మన పాత లోగిలిని శాస్త్రములు చతుశ్శాల యన్నవి. నడుమ ఆకాశము కనబడు మండువా, దాని చుట్టు నాలుగు సాలలు, వానపడినప్పుడు నీరు చూరులనుండి నడుమకు జారి తూము గుండ వీథిలోనికో దొడ్డిలోనికో పోవును. వీథి వైపు అరుగు, తలవాకిలి, నడవ, పడసాల, వెనుక వంటిల్లు, దొడ్డి. మీకు తెలిసినదే. దీనిని పటమున పట్టువాడు తలవాకిలి బొమ్మ యొకటి తీసి పోయినచో ఇల్లు పట్టినట్లు కాదు. గడప దాటినది మొదలు దొడ్డిగుమ్మము వరకు ఒక మనుష్యుడు నడచునట్లు, అడుగడుగున ఆగి తీయవలెను. చూచువాడు ఆ పటములను వరుసగా పేర్చినచో ఇంటిలో తాను నడచినట్లుండవలెను.

అటు పిమ్మట పనివాండ్ర చేతిపని. ద్వారబంధము మీది లతలు, గుఱ్ఱములు, చిలుకలు; స్తంభము అడుగున రాతిపీట; దూలమునకు వాసమునకు నడుమ కూర్చిన అతుకు; మిద్దెలో దూలముల మీద ఇటుకలను నిలువున పేర్చి సున్నముతో కప్పు వేసిన విధము. వీనికి దగ్గరగా పోయి వేరువేరుగా పటములు తీయవలెను. తీరపు ప్రాంతమున సున్నమును రాతినుండి గాక గుల్లనుండి కాల్చుట వాడుక. ఆ సున్నమును ఇసుకతో చేర్చి గానుగలో ఎద్దులచేత త్రొక్కించి నూరి, బెల్లపు నీరు, కరక్కాయ కషాయము చేర్చి గోడలకు పూసెడివారు. నేను చూచిన యొక పాత పడసాల గోడపై నేటికిని ముఖము మసకగా కనబడును. ఆ పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడెందరున్నారు? ఆ గోడ పెచ్చు ఊడిన చోట లోపలి పొరలు కనబడును గదా, ఆ చోటినే జాగ్రత్తగా తీయుడు. అందమైన భాగముకంటె ఊడిన భాగము ఒక్కొక్కప్పుడు ఎక్కువ చెప్పును.

ఇచ్చట ఒక ప్రక్కమాట. సున్నపు గోడకు సిమెంటు పూయించుట మన యూళ్లలో మరమ్మతు అనిపించుకొనుచున్నది. సున్నపు గోడ లోపలి చెమ్మను మెల్లమెల్లగా బయటికి విడుచును. సిమెంటు ఆ త్రోవను మూయును. చెమ్మతో కూడ నేలలోని ఉప్పు లోపలనే నిలిచి ఇటుకను పిండి చేయును. రెండు మూడు వానకాలములు గడచునప్పటికి పూత పలకలు పలకలుగా రాలును. సముద్రము దగ్గర ఈ కీడు మరింత త్వరగా కలుగును. మరమ్మతుకు పూనుకొనువారు అంతకుముందే గోడకు నాలుగు పటములు తీయించి యుంచుకొనినచో, తరువాత ఏది పాతదో ఏది క్రొత్తదో తెలియును.

మేడలకే చరిత్ర యుండునని తలపరాదు. సముద్రపు పాలెములలోని తాటియాకు ఇండ్లు, యానాదుల చుట్టుగుడిసెలు తుపాను గాలికి తల యొగ్గి నిలుచుట కనువైన రూపము గలవి. 1984 నవంబరులో శ్రీహరికోట ప్రాంతమునను, 1989 నవంబరులో కావలి ప్రాంతమునను తీరము దాటిన తుపానులను మీరు మరచి యుండరు. అట్టి దెబ్బలు తగిలిన పిమ్మట ఊళ్లకు ఊళ్లే సిమెంటు ఇండ్లలోనికి మారినవి. మారుట మంచిదే, ప్రాణము ముఖ్యము. అయినను గుండ్రని గోడను, క్రిందికి దిగిన చూరును, తల వంచి దూరవలసిన వాకిలిని కట్టినవాడు తెలివితక్కువవాడు కాడు. ఆ గుడిసె ఇంకను నిలిచియున్న చోట దానికి ఒక పటము దక్కవలెను.

వెలుతురు సంగతి చెప్పెదను. తూర్పు ముఖపు ఇంటికి సూర్యోదయమైన గంటకు, పడమటి ముఖపు ఇంటికి ప్రొద్దు వాలునప్పుడు తీయుట మంచిది. ఎండ ఏటవాలుగా పడి చెక్కడపు పని నీడతో లేచి కనబడును. మిట్టమధ్యాహ్నమున చూరు నీడ గోడ సగమును మ్రింగును. ఉత్తర ముఖపు ఇండ్లకు ఒక చిక్కు కలదు. ఏడాదిలో చాల భాగము వానికి మధ్యాహ్నపు ఎండ తగులదు. మన నెల్లూరు అక్షాంశమున మే మొదటి వారము మొదలు ఆగస్టు రెండవ వారము వరకు మాత్రము మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి ఉత్తరముగా నుండును. ఆ మూడు నెలలలోనే ఆ గోడల మీది పని నిండు వెలుతురున కనబడును. పంచాంగము చేతనున్న మీకు దీనిని వివరింప నవసరము లేదు.

కెమెరాను పైకెత్తి తీసినచో ఇల్లు వెనుకకు వాలినట్లు కనబడును. ఎత్తుటకు మారుగా వెనుకకు పోవుడు. వీథి యిరుకైనచో ఎదుటివారి అరుగెక్కి నిలుచుడు. పటములో ఒక కొలత యుండవలెను. నా చేతికఱ్ఱ మీద అడుగడుగునకు నల్లగీతలు గీయించినాను. దానిని ద్వారబంధమునకు ఆనించి తీయుదును. నూరేండ్ల తరువాత చూచువాడు ఆ ద్వారము ఎన్ని యడుగులో లెక్కించుకొనగలడు. చీకటి గదులలో మెరుపు దీపము వాడినచో ముందరిది తెల్లబారి వెనుకది నల్లబడును. ఫోనును ఒక పీటమీద కదలకుండ నిలిపి, తలుపు తెరచి వచ్చు వెలుతురుతోనే తీయవలెను.

అన్నిటికంటె ముందు అనుమతి. తీరపు గ్రామ మొకదానిలో నేను వీథిలో నిలిచి ఒక మిద్దెను చూచుచుండగా ఇంటి పెద్ద బయటికి వచ్చి, "ఏం అయ్యోరా, ఇల్లు కొనేదానికి వచ్చినారా, కొలతలేసి పన్ను పెంచేదానికి వచ్చినారా?" అని యడిగెను. ఆయన అనుమానము న్యాయమైనదే. అరుగుమీద కూర్చుండి, నేనెవరినో, పటములు ఎవరికి చూపుదునో చెప్పి, తీసిన వానిలో ఒక ప్రతి ఆయన యింటికి పంపుదునని మాట యిచ్చి పంపినాను. పిమ్మట ఆయనయే నన్ను దొడ్డి వరకు త్రిప్పి చూపెను. ఇంటివారు వలదన్న గది వలదు. దేవుని గూడు, స్త్రీలు మెలగు చోటు, పసిపిల్లలు అడుగకుండ తీయదగినవి కావు. ధనధాన్యములు, తాళములు, పెట్టెలు పటములో పడరాదు. నేటికాలమున ఒక పటము గంటలో దేశమంతయు తిరుగును. శ్రీహరికోట వంటి రక్షిత స్థలములలో అనుమతి లేనిదే కెమెరా తీయనే తీయరాదు.

శాసనముల విషయమున మన జిల్లా అదృష్టము చేసికొనినది. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి యను వారిరువురు నెల్లూరు జిల్లాలోని రాతి శాసనములను, తామ్రశాసనములను సేకరించి 1905లో మూడు సంపుటములుగా ప్రకటించిరి. దానికి పూర్వము 1873లో బాస్వెల్ అను నాతడు జిల్లా చరిత్రమును వ్రాసెను. అంతకు పూర్వము మెకంజీ పనుపున గ్రామ గ్రామమున కైఫీయత్తులు వ్రాయబడినవి. ఆ వ్రాతలు చేతనుంచుకొని ఊరు తిరిగినచో రాయి ఎచ్చట నుండవలెనో తెలియును. ఒక యూర అట్టి రాతిమీద బట్టలుదుకుచుండగా చూచితిని. అక్షరములు వున్న వైపు పైనే యున్నది. ఊరివారికి చెప్పగా ఆ సాయంకాలమే నలుగురు పట్టి దానిని గుడిగోడకు చేర్చిరి. చెప్పువారు లేకపోవుటయే అంతవరకు కొరత.

రాతి యక్షరములు తీయునప్పుడు సుద్ద రుద్దుట, నూనె పూయుట కూడదు. రుద్దువాడు తనకు తోచిన గీతనే రుద్దును. తప్పుగా చదివినది తప్పుగానే పటమెక్కును. మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, చీకటి పడిన పిమ్మట ఒకరు టార్చిలైటును ప్రక్కనుండి, రాతికి దాదాపు ఆనించి పట్టవలెను. పగలు కంటికి కనబడని యక్షరము కూడ అప్పుడు లేచి వచ్చును. నాలుగు ప్రక్కలనుండి నాలుగు పటములు తీసినచో పండితులు ఇంటనుండియే చదువుదురు.

ఇండ్లనుండి ఊళ్లకు పోదము. బకింగుహాము కాలువ పంతొమ్మిదవ శతాబ్దమున తునకలు తునకలుగా త్రవ్వబడి, 1877-78 నాటి కరవు పనులతో చెన్నపట్నము నడుమ కలుపబడినది. శ్రీహరికోట కట్టెలు, మన తీరపు ఉప్పు పడవల మీద ఆ కాలువ వెంబడి పోయెడివి. పడవలు పోయినవి. లాకులు, వాని ప్రక్కని చిన్న బంగళాలు కొన్నిచోట్ల మిగిలియున్నవి. బిట్రగుంట ఆవిరి యింజనుల కాలమున రైలువారు కట్టిన పట్టణము. ఇంజనులు మారుటతో షెడ్డు పని తగ్గి, క్వార్టర్లు పాడుపడినవి. అచ్చట కాపురమున్నవారి బిడ్డలు దూరదేశములనుండి వచ్చి పాత యిండ్ల ముందు నిలిచి పటములు తీసికొని పోవుచుండుట వినియున్నాను. నెల్లూరు ఆనకట్ట 1855 నాటిది. 2022 సెప్టెంబరులో పెన్న మీద క్రొత్త బ్యారేజీలు ప్రారంభమైనవి. క్రొత్తదానిని అందరును తీయుచున్నారు.

పల్లెపాడు మాట వేరు. పెన్న యొడ్డున 1921 ఏప్రిలు 7వ తేదీన గాంధీజీ పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించిరి. పొణకా కనకమ్మగారు భూమి నిచ్చిరి. దక్షిణాఫ్రికాలో గాంధీజీ సహచరుడైన రుస్తుంజీ పదివేల రూపాయలిచ్చెను. ఆ కట్టడము కాపాడబడినది. నేను పోయినప్పుడెల్ల సందర్శకులు ముందుభాగమునే తీసికొనుచుందురు. కిటికీ చట్రములు, కప్పు లోపలి పని, ఏటి వైపునుండి కనబడు రూపము ఎవరును పట్టించుకొనరు. ఆ వైపునుండి చూచినప్పుడే, వారు ఏటి గాలి కెదురుగా ఇంటిని ఏల నిలిపిరో తెలియును.

చట్టమున్నది గదా యందురేమో. 1904లో నొకటి, 1958లో నొకటి పురాతన కట్టడముల రక్షణకు చట్టములు వచ్చినవి. కాని ప్రభుత్వపు పట్టికలలో నున్నవి కోటలు, గుళ్లు మొదలగునవి. మీ తాతగారి మిద్దె ఆ పట్టికలో నుండదు.

ఇక తీసిన పటమును నిలుపుకొనుట. మన తీరపు గాలి కెమెరా కంటికి కూడ బూజు పట్టించును. వాడని దినములలో దానిని తోలుసంచిలో మూసియుంచరాదు, పొడిగా, గాలి తగులునట్లుండవలెను. ఫోనులోని పటములు ఫోను పోయిన దినముననే పోవును. ముఖ్యమైన వానిని కాగితము మీద అచ్చు వేయించి, వేరొక ప్రతిని వేరొక యింట నుంచవలెను. తుపాను వచ్చినప్పుడు ఒక యిల్లు మునిగినను వేరొకటి మిగులును. గోడకు తగిలించిన పాత పటములు అద్దమునకు అంటుకొనిపోయి యుండును. వానిని ఊడబెరుకుటకు ప్రయత్నింపకుడు; పొర ఊడివచ్చును. కిటికీ వెలుతురున ప్రక్కగా నిలిపి, తీయువాని వెనుక నల్లగుడ్డ యొకటి పట్టించి, అద్దము మీదుగనే మరల పటము తీయించుడు.

పటము వెనుక పెన్సిలుతో వ్రాయుడు, సిరాతో వలదు. సిరా చెమ్మకు ముందువైపునకు దిగును. ఊరు, వీథి, ఇంటిపేరు, ఏ దిక్కునుండి తీసినది, తేదీ. ఇక్కడనే మీ పని వచ్చినది. ఒక యింట నేను చూచిన రథోత్సవపు పటములో నలువది ముఖములున్నవి. ఇంటివారికి తెలిసినవి రెండు. తొంబదికి దగ్గర పడిన యొక అవ్వను పిలిపించినారు. ఆమె అద్దము మీద వ్రేలు పెట్టి పదునేడుగురి పేర్లు చెప్పెను; రథము వెనుక కనబడు పెంకుటిల్లు ఎవరిదో, దాని బావి ఎప్పుడు పూడినదో చెప్పెను; ప్రక్కనున్న పిల్లవాడు నోటుబుక్కులో వ్రాసికొనెను. తక్కిన ఇరువది ముగ్గురిని ఎరిగినవారు ప్రక్కయూరిలో నొకరున్నారని ఆమెయే చెప్పినది. ఆ పటపు ప్రతిని తీసికొని ఆ పిల్లవాడు ఆదివారమున అచ్చటికి పోయినాడు.